కాలిపరు – నడక

మన దేశమున వన్య పోలియో వైరసు సోకిన చివరి కేసు 2011 జనవరిలో హౌరాలో బయటపడినది. 2014 మార్చిలో ఆగ్నేయాసియా ప్రాంతమంతయు పోలియో రహితమని ధ్రువపఱుపబడినది. కాని అంతకు పూర్వము ఆ వ్యాధి సోకినవారు నేడు పెద్దలై మన మధ్యనే ఉన్నారు. మా మిత్రులొకరు తమ కాలిపరును తలుపు వెనుక మేకునకు తగిలించి, తొడను చేతితో అదిమి పట్టుకొనియే నడచుచుందురు. “అది నన్ను మోయుట లేదండీ, నేనే దానిని మోయుచున్నాను” అని వారనిన మాటయే మమ్ము ఈ ప్రసంగమునకు పురికొల్పినది.

తొడ ముందుభాగపు కండరము బలహీనమైనచో, బరువు మోపగానే మోకాలు ముడుచుకొనిపోవును. చేతితో అదుముట అందులకే. ఆ చేతి పనిని కాలిపరు చేయును. ఇరుప్రక్కల లోహపు కడ్డీలు, తోలుపట్టీలు, మోకాలివద్ద తాళపు రింగు – ఇది పాత పద్ధతి. రింగు జాఱి పడినంతనే కాలు స్తంభమువలె నిలుచును, కూలుదునను భయముండదు. చిక్కంతయు అడుగు ముందుకు వేయునపుడే. మామూలు నడకలో మోకాలు వంగుటచే పాదము నేలను తాకక సాగును. వంగని కాలు పొడవు పెరిగిన కాలితో సమానము. కావున తుంటిని పైకెత్తవలెను, లేదా కాలిని ప్రక్కకు త్రిప్పి తేవలెను. ఆయాసమునకు, నడుమునొప్పికి ఇదియొక కారణము. రెండవ కాలి చెప్పునకు కొంచెము మందము అట్ట వేయించిన ఈ బాధ కొంత తగ్గును. ఇంత చౌక ఉపాయమును పలువురెఱుగకపోవుట మాకు వింతగా తోచినది.

బరువెంత అనుటకంటె ఎచ్చటనున్నది అనునదియే ముఖ్యము. తుంటినుండి ఊగు కాలికి, తొడవద్ద బరువుకంటె పాదమువద్ద అంతే బరువు ఎక్కువ శ్రమ కలిగించును. అందుచేతనే బరువైన బూటునకు బదులు, పాదపు అచ్చు తీసి, చెప్పులో ఇముడునట్టి పాలీప్రొపిలీన్ దొప్పను ఇప్పుడు చేయుచున్నారు. మన వేసవిలో అది చెమట పట్టించును. లోపల నూలు మేజోడు తప్పదు.

కీలును కొంచెము వెనుకకు జరిపి అమర్చు పద్ధతియు కలదు. అపుడు దేహభారము కీలునకు ముందునుండి పోవుటచే, తాళము లేకయే మోకాలు నిలుచును. మోకాలు పూర్తిగా చాపరానివారికి మాత్రము ఇది పనికిరాదు.

ఇక ఒఱపిడి. కాలిపరు కీలు మోకాలి కీలునకు సరిగా ఎదురుగా ఉండవలెను. పైకైనను క్రిందికైనను తప్పినచో, కూర్చున్నప్పుడెల్ల పట్టీ తొడపై ప్రాకి చర్మమును ఒఱయును. మోకాలి క్రింద వెలుపలి ఎముక బొడిపెను పట్టీ నొక్కినచో అచ్చటి నరము నలిగి పాదము తిమ్మిరెక్కును. ఇవి కొలతలోని తప్పులు. ధరించువారి ఓర్పులేమి కాదు. కొలత ఇచ్చునపుడు నిలువబెట్టియే గాక కూర్చుండబెట్టియు చూడుమని అడుగుటకు మొగమాటపడరాదు.

మా మిత్రులు అట్లే అడిగిరి. వారి కాలిపరు కీలు రెండు వ్రేళ్ళ క్రిందుగా ఉన్నదని తేలినది.