ఓనమాలూ ఓటుహక్కూ: మారిషస్ కోరంగివాళ్ళ చరిత్ర

కొద్ది నెలల కిందట తాడేపల్లిగూడెంలో జరిగిన ఒక సాహిత్య సభలో దేశాంతర తెలుగువారిని గురించి ప్రసంగం విన్నాను. వక్త మారిషస్ తెలుగువాళ్ళను ఎంతో మెచ్చుకున్నారు. ఇన్ని తరాలు గడిచినా వాళ్ళు రామభజన మానలేదన్నారు, సింహాద్రి అప్పన్న పూజ వదలలేదన్నారు, ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవుదినమన్నారు. అన్నీ నిజాలే. సభికులు చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. అప్పుడు వెనక వరుసలోంచి ఒక కుర్రవాడు లేచాడు. ఒకప్పుడు నా దగ్గర చదివినవాడు, కొల్లేటి లంకవాడు, ఇప్పుడు డిగ్రీలో తెలుగు చదువుతున్నాడు. "అసలు వాళ్ళెందుకు వెళ్ళారండీ?" అని అడిగాడు. "పొట్టకూటికి నాయనా" అన్నారు వక్త. వందన సమర్పణ మొదలైంది.

ఆ జవాబు అబద్ధం కాదు, కాని జవాబూ కాదు. ఆకలికి కూడా చరిత్ర ఉంటుంది. చెరకుతోటను వదిలేసి భజన మందిరాన్ని మాత్రమే వర్ణించే అలవాటు మన సాహిత్య ప్రసంగాల్లో బాగా పాతుకుపోయింది. తిరుగు ప్రయాణంలో ఏలూరు బస్సులో ఆ కుర్రవాడు నా పక్కనే కూర్చున్నాడు. "ఆ దీవి మా లంకంత ఉంటుందా మాస్టారూ?" అన్నాడు. కొల్లేరు అభయారణ్యం 308 చదరపు కిలోమీటర్లు. మారిషస్ ద్వీపం దానికి ఆరు రెట్లు ఉంటుంది, అంతే. బస్సులో ముక్కలు ముక్కలుగా చెప్పినదాన్ని ఇక్కడ ఒక వరసలో పెడుతున్నాను.

డచ్చివాళ్ళు 1598లో ఆ దీవికి తమ రాకుమారుడు మారిస్ పేరు పెట్టారు. చెరకు తెచ్చి నాటారు, 1710లో విడిచిపోయారు. 1715లో ఫ్రెంచివాళ్ళు ఆక్రమించారు. 1746లో మద్రాసును పట్టుకున్న లా బుర్దొనే ఆ దీవి గవర్నరేనని గుర్తు చేస్తే, అది మనకు ఎంత దగ్గరి చరిత్రో తెలుస్తుంది. ఆ దీవికి ఆదివాసులు లేరు. అక్కడి మట్టిలో పనిచేసిన ప్రతి చెయ్యీ ఎక్కడినుంచో పట్టి తెచ్చిందే. మడగాస్కర్ నుంచి, మొజాంబిక్ నుంచి బానిసలు వచ్చారు. మన దేశం నుంచి కూడా కొందరు వచ్చారు.

ఆ దీవి చరిత్రలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచిన ఘట్టం ఒకటుంది. పారిస్‌లో 1789లో విప్లవం వచ్చింది. 1791లో కరీబియన్ సముద్రంలోని ఫ్రెంచి చక్కెర వలసలో బానిసలు తిరగబడ్డారు. 1804లో అదే హైతీ అయింది. ఆ తిరుగుబాటు వేడికి 1794లో పారిస్ ప్రభుత్వం బానిసత్వాన్ని రద్దు చేసింది. ఆ శాసనాన్ని అమలు జరపడానికి 1796లో బాకో, బ్యుర్నెల్ అనే ఇద్దరు ప్రతినిధులు ఈ దీవికి వచ్చారు. తోటల యజమానులు వాళ్ళను మళ్ళీ ఓడ ఎక్కించి సాగనంపారు. విప్లవం రేవుదాకా వచ్చి, ఒడ్డుకు దిగి, వెనక్కి వెళ్ళిపోయింది. స్వేచ్ఛ, సమానత్వం అనే మాటలు ఆ యజమానులకూ ఇష్టమే. అవి తమకు మాత్రమే వర్తిస్తాయని వాళ్ళ నమ్మకం. 1802లో నెపోలియన్ బానిసత్వాన్ని మళ్ళీ చట్టబద్ధం చేశాడు.

1810లో ఇంగ్లీషువాళ్ళు దీవిని గెలిచారు. గెలిచారు గాని తోటల జోలికి పోలేదు. ఫ్రెంచి చట్టం, ఫ్రెంచి భాష, ఫ్రెంచివాళ్ళ ఆస్తి అన్నీ అలాగే ఉండనిచ్చారు. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయినప్పుడు దాదాపు 20 లక్షల పౌన్ల పరిహారం ముట్టింది. ఎవరికి? యజమానులకు. బానిసలకు దమ్మిడీ ఇవ్వలేదు సరికదా, "శిక్షణ" పేరుతో మరి నాలుగేళ్ళు అదే తోటలో కట్టిపడేశారు. ఆ డబ్బు చేతిలో పెట్టుకుని యజమానులు కొత్త చేతుల కోసం చూశారు. బానిసత్వం ఇంకా ముగియకముందే, 1834 నవంబర్ 2న, కలకత్తా నుంచి అట్లాస్ అనే ఓడ 36 మంది కూలీలతో పోర్ట్ లూయీ చేరింది. ఆ తర్వాత 20వ శతాబ్దం ఆరంభం దాకా నాలుగున్నర లక్షలకు పైగా భారతీయులు ఆ రేవులో దిగారు. 1861 నాటికే దీవి జనాభాలో మూడింట రెండు వంతులు వాళ్ళే.

ఇప్పుడు మన గోదావరి సంగతి. ఆ రోజుల డెల్టా పచ్చని డెల్టా కాదు. 1832–33 నందన కరువు గుంటూరు ప్రాంతాన్ని ఊడ్చేసింది. నరసాపురం పక్క మాధవాయపాలెం గుడ్డ ఒకప్పుడు ఐరోపా బజార్లలో ఆ ఊరి పేరుతోనే అమ్ముడుపోయేది. మిల్లుగుడ్డ పోటీకి తట్టుకోలేక, కంపెనీ కొనుగోళ్ళు ఆగిపోయి, ఆ మగ్గాలు మూలపడ్డాయి. 1839 నవంబర్ తుఫాను కోరంగి రేవును ముంచింది. 1844లో మాంట్‌గోమరీ దొర రాజమండ్రి జిల్లాను పరిశీలించి, జనాభా తగ్గిపోయిందని నివేదిక రాశాడు. కాటన్ ఆనకట్ట 1847లో మొదలై 1852కు గాని పూర్తి కాలేదు. శిస్తు మాత్రం ఏ ఆనకట్ట కోసమూ ఆగలేదు. వక్తగారి "పొట్టకూటి" వెనక ఇదంతా ఉంది.

విశాఖవాడైనా, గంజాంవాడైనా, రాజమండ్రివాడైనా ఓడ దిగాక "కోరంగి"వాడే. బర్మాలోనూ మనవాళ్ళకు ఇదే పేరు. ఊరూ కులమూ చెరిగి, ఓడ ఎక్కిన రేవే జాతి పేరయింది. ఒప్పందం ప్రకారం మగకూలీకి నెలకు సుమారు అయిదు రూపాయలు, పైన బియ్యం, పప్పు. ఒకరోజు పనికి రాకపోతే రెండురోజుల కూలి కోత. 1867 చట్టం వచ్చాక, ఒప్పందం తీరినవాడు కూడా ఫోటో అంటించిన కాగితం దగ్గర పెట్టుకుని తిరగాలి. లేకపోతే జైలు. కెమెరా మనవాళ్ళకు మొదట పరిచయమైంది ఇలా. 1871లో ఒప్పందం తీరిన పాతకూలీలు 9,401 మంది ఒక వినతిపత్రం పెట్టారు. దానికి సాయపడిన యూరపియన్ అడాల్ఫ్ ద ప్లెవిట్స్‌ను తోటల పెద్దల పక్షంవాళ్ళు వీధిలో కొట్టారు. మరుసటి ఏడు రాయల్ కమిషన్ రాక తప్పలేదు.

1936లో లేబర్ పార్టీ పుట్టింది. 1937లో చెరకు ధర కోతమీద యూనియన్ ఫ్లాక్ తోటలో తిరగబడిన వాళ్ళ మీద కాల్పులు జరిగాయి. 1943 సెప్టెంబర్ 27న బెల్ వ్యూ హారెల్ తోటలో సమ్మెదారుల మీద పోలీసులు కాల్చారు. నలుగురు పోయారు. వాళ్ళలో అంజలే కూపెన్ నిండు గర్భిణి. ఇవాళ అక్కడ ఒక క్రీడా మైదానానికి ఆమె పేరుంది.

తెలుగు మాస్టరుగా నేను ఆగిపోయే చోటు దీని తర్వాత వస్తుంది. 1947 దాకా ఆస్తి ఉన్న కొద్దిమందికే అక్కడ ఓటు. సమ్మెల ఒత్తిడికి కొత్త రాజ్యాంగం ఇస్తూ ప్రభుత్వం ఒక మెలిక పెట్టింది. దీవిలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా రెండు మామూలు వాక్యాలు చదివి రాయగలిగితే ఓటు. ఆ భాషల్లో తెలుగు కూడా ఉంది. కూలీలు ఎలాగూ చదవలేరని దొరల ధీమా కావచ్చు. అయితే గ్రామాల్లో బైఠకా అనే పాకలుండేవి. పగలంతా చెరకు నరికి వచ్చినవాళ్ళు రాత్రిపూట అక్కడ పలకా బలపం పట్టారు. బసుదేవ్ బిసున్‌దయాల్ లాంటివాళ్ళు ఊరూరా తిరిగి అక్షరాలు నేర్పించారు. 1936 ఎన్నికలో పదివేల పైచిలుకు ఉన్న ఓటర్లు 1948లో 70 వేలు దాటారు. మారిషస్ తెలుగువాడు "భాషను కాపాడుకున్నాడు" అని మనం చప్పట్లు కొడతాం. అతని తాత అ ఆ లు దిద్దింది సంస్కృతి మీద బెంగతో మాత్రమే కాదు. ఆ రెండు వాక్యాలు రాయగలిగితే, తన మీద కాల్పులు జరిపించిన ప్రభుత్వాన్ని ఓటుతో అడగవచ్చు. తెలుగు లిపి చరిత్రలో ఇంతటి ఉద్యోగం అది మరెక్కడైనా చేసిందేమో నా విద్యార్థులే వెతకాలి.

1959లో వయోజన ఓటుహక్కు, 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చాయి. స్వాతంత్ర్యానికి ముందే, 1965లో, బ్రిటన్ చాగోస్ దీవులను కోసి తన దగ్గర ఉంచుకుంది. అక్కడి జనాన్ని ఖాళీ చేయించి, డీగో గార్షియాను అమెరికా స్థావరానికి ఇచ్చింది. 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం అది అక్రమమని అభిప్రాయం చెప్పింది. ఇక విప్లవం మాట. 1969లో పుట్టిన మిలిటెంట్ ఉద్యమం రేవు కార్మికులనూ తోట కార్మికులనూ కూడగట్టింది. 1971లో సమ్మెలు, ఆ వెంటనే అత్యవసర పరిస్థితి. 1982 జూన్‌లో మిత్రపక్షంతో కలిసి మారిషస్ ద్వీపంలోని 60 స్థానాలకు 60 గెలిచింది. ఏడాది తిరక్కుండానే చీలిపోయింది. క్యూబాలో 1959 తర్వాత చక్కెర తోటల యాజమాన్యం మారింది. ఇక్కడ పాలకులు మారారు గాని, పెద్ద తోటలు కొద్ది కుటుంబాల చేతుల్లోంచి జారలేదు. కాబట్టి దీన్ని విప్లవం అనడానికి నాకు నోరు రాదు. విప్లవం కాదు గనక ఏమీ జరగలేదనేవాళ్ళతోనూ నేను ఏకీభవించను. బైఠకాలో పలక పట్టిన ఆ రాత్రులను ఏ ఖాతాలో రాస్తారు?

మారిషస్ రచయిత అభిమన్యు అనత్ 1977లో హిందీలో "లాల్ పసీనా" అనే నవల రాశాడు. భోజ్‌పురి కూలీల చెమట అందులో కథగా నిలిచింది. కోరంగి రేవు మాత్రం మనకే దగ్గర. రాయదలచినవాళ్ళకు దారి లేకపోలేదు. కూలీల రిజిస్టర్లూ ఫోటోలూ మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి.

భీమడోలు దాటాక కుర్రవాడు చాలాసేపు మాట్లాడలేదు. గుండుగొలనులో దిగబోతూ, "ఆ ఫోటో కాగితం ఎవరి దగ్గర ఉండేదండీ? కూలీ దగ్గరా, దొర దగ్గరా?" అన్నాడు.

"కూలీ దగ్గరే. లేకపోతే పట్టుకునేవాళ్ళు" అన్నాను.

"మా అమ్మ పాస్‌పోర్టు మాత్రం కువైట్‌లో ఆ ఇంటివాళ్ళ దగ్గరే ఉందండీ" అని దిగి, లంక ఆటో కోసం రోడ్డు దాటాడు.