గుకేశ్ గెలిచిన వందలో తమిళనాడుకి అర్ధరూపాయి

2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ని ఓడించి, 18 ఏళ్ల దొమ్మరాజు గుకేశ్ ప్రపంచ చదరంగ విజేత అయ్యాడు. చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగు కుర్రాడు. పోటీ సొమ్ము మొత్తం 25 లక్షల డాలర్లు. గెలిచిన ఒక్కో గేముకి 2 లక్షలు, మిగిలింది ఇద్దరికీ చెరిసగం. మూడు గేములు గెలిచిన గుకేశ్ వాటా 13.5 లక్షల డాలర్లు, అంటే 11 కోట్ల రూపాయల పైమాటే. ఇందులో పన్నెంత పోతుందని ఆ వారమంతా సోషల్ మీడియాలో లెక్కలు వేశారు. ఆ పన్నులో తమిళనాడుకి దక్కేదెంత అని మాత్రం ఎవరూ పెద్దగా అడగలేదు.

అమెరికాలో అయితే మొదట అడిగేది ఇదే. అక్కడ చాలా రాష్ట్రాలకి సొంత ఆదాయపు పన్ను ఉంది. కాలిఫోర్నియాలో పై స్లాబు 13.3 శాతం, టెక్సస్, ఫ్లోరిడాల్లో అసలు లేదు. పైగా ఆటగాడు ఏ రాష్ట్రంలో ఎన్ని రోజులు ఆడాడో, సాధన చేశాడో లెక్కగట్టి, జీతంలో ఆ మేరకు ఆ రాష్ట్రం పన్ను వేస్తుంది. 1991 బాస్కెట్‌బాల్ ఫైనల్లో లాస్ ఏంజెలెస్ జట్టుని షికాగో బుల్స్ ఓడించాక కాలిఫోర్నియా ఆ ఆటగాళ్ల దగ్గర పన్ను వసూలు చేసింది. ఇల్లినాయ్ ఊరుకోలేదు, తనూ అలాంటి చట్టమే చేసింది. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు అక్కడి ఆటగాళ్లు జట్టుతో పాటు రాష్ట్రాన్నీ చూసుకునేది ఇందుకే.

మన దగ్గర ఆ బెడద లేదు. వ్యవసాయేతర ఆదాయం మీద పన్ను వేసే అధికారాన్ని రాజ్యాంగం కేంద్రానికే ఇచ్చింది. గుంటూరు క్రికెటర్ షేక్ రషీద్ చెన్నై సూపర్ కింగ్స్‌కి ఆడినా, హైదరాబాద్‌కి ఆడినా అతని ఆదాయపు పన్ను పైసా మారదు. రాష్ట్రం చేతిలో ఉన్నది వృత్తి పన్ను ఒక్కటే. దానికి 276వ అధికరణ పెట్టిన పరిమితి ఏడాదికి 2,500 రూపాయలు. 1988 సవరణ నాటి అంకె అది, ఇప్పటికీ కదల్లేదు. చెన్నైలో దాన్ని కార్పొరేషన్ ఆరు నెలలకోసారి వసూలు చేస్తుంది. గుమాస్తాకైనా గ్రాండ్‌మాస్టర్‌కైనా గరిష్ఠం అదే.

ఇక కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా. ఆ ఏడాది కొత్త విధానంలో ఆదాయం 2 కోట్లు దాటితే పై స్లాబులో పడే ప్రతి 100 రూపాయలకి 30 పన్ను, దాని మీద 25 శాతం సర్‌ఛార్జి, ఆపైన 4 శాతం సెస్, వెరసి 39. సర్‌ఛార్జి, సెస్ కలిపిన ఆ 9 రూపాయలూ కేంద్రానివే, రాష్ట్రాలతో పంచుకోనక్కర్లేదు. మిగతా 30లో పదిహేనో ఆర్థిక సంఘం చెప్పిన 41 శాతం, అంటే 12 రూపాయల 30 పైసలు, రాష్ట్రాలన్నిటికీ. అందులో అప్పట్లో తమిళనాడు వంతు 4.079 శాతం. చివరికి మిగిలేది అర్ధరూపాయి.

బీద రాష్ట్రాలకి ఎక్కువ వాటా వెళ్లడం న్యాయమే. నాకు అన్యాయంగా తోచేది ఆ 9 రూపాయలు. ప్రపంచ విజేతతో తలపడేదెవరో తేల్చే క్యాండిడేట్స్ పోటీకి గుకేశ్ అర్హత తెచ్చుకోవడానికి తోడ్పడింది 2023 డిసెంబర్‌లో జరిగిన చెన్నై గ్రాండ్‌మాస్టర్స్ టోర్నీ. దాన్ని పెట్టింది తమిళనాడు క్రీడాభివృద్ధి సంస్థ. అంతకుముందు ఏడాది మహాబలిపురంలో చదరంగ ఒలింపియాడ్ జరిపిందీ ఆ రాష్ట్రమే. ఆటగాణ్ణి తయారు చేసే ఖర్చులో ఇంత భాగం మోసిన రాష్ట్రానికి, అతని మీద వేసే సర్‌ఛార్జిలో వాటా ఉండాలి.

గెలిచాక తమిళనాడు అతనికి 5 కోట్ల నజరానా కూడా ప్రకటించింది. రాష్ట్రాలిచ్చే ఇలాంటి బహుమతికి పన్ను మినహాయింపు రావాలంటే కేంద్రం ఆమోదం కావాలి. ఒలింపిక్, ఆసియా, కామన్వెల్త్ క్రీడల పతక విజేతలకి 2014లో ఇచ్చిన ఉత్తర్వుతో ఆ ఆమోదం దొరికింది. అందులో ప్రపంచ చదరంగం లేదు. చేర్చడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, ఇంకొక ఉత్తర్వు చాలు.