గదికి తగిన తెలుపు

ఇంటికి వెల్ల వేయించునపుడు, ‘తెలుపే గదా, ఏదియైన నేమి?’ యని మనలో పెక్కండ్రు పనివానికే విడిచిపెట్టుదురు. కీర్తి తెల్లనిది, నవ్వు తెల్లనిది యని వర్ణించిన మన కవులును ఏ తెలుపో చెప్పిన వారు కారు. కాని మల్లెపూవు తెలుపు వేఱు, వెన్న తెలుపు వేఱు. తెలుపులో నీలిచాయ యున్నచో కంటికి చల్లగాను, పసుపుచాయయో ఎఱ్ఱచాయయో లేశమాత్ర మున్నచో వెచ్చగాను తోచును. ఈ భేదమును నేను ఆలస్యముగా తెలిసికొంటిని.

మా యింట ఉత్తరపు గదిలో అత్తగారు మంచముపట్టి యున్నారు. నిరుడు సంక్రాంతికి వెల్ల వేసినవాడు సున్నములో నీలిమందు ధారాళముగా కలిపెను. ఆరిన పిదప గోడలు తళతళ మెఱయగా సంతసించితిని. వారము గడువకమున్నే అత్తగారు, “అమ్మాయీ, ఈ గదిలో ఎప్పుడు చూచినా మబ్బు పట్టినట్లే ఉన్నదేమే? పొద్దెక్కినదో లేదో తెలియకుండా ఉన్నది” అనిరి. ముసలితనమున చూపు మందగించిన దనుకొంటిని. ఒకనాడు నేనే యా మంచముపై కూర్చుండి చూడగా దోషము చూపుది కాదని తెలిసినది. ఉత్తరపు కిటికీలోనికి ఏడాదిలో పెక్కునాళ్లు ఎండ రాదు. ఆకాశపు నీలికాంతియే వచ్చును. దానికి నీలిగోడలును, క్రింద నల్లని కడపబండలును తోడైనవి.

నీలి మాని పసుపు కలుపుదమని మొదట తోచెను. పారాణి కలుపు చేతులకు ఆ పొరపాటు రాకూడదు గదా! పసుపు సున్నముతో కలిసిన ఎఱ్ఱబాఱును, వెలుతురునకు వెలిసిపోవును. సున్నములో నిలుచునది మన్నే. రంగుల యంగడిలో దొరకు పసుపుపచ్చని మంటిపొడిని నీట నానబెట్టి, పలుచని గుడ్డతో వడగట్టి, బక్కెట సున్నపునీటికి రెండు చెంచాలు చొప్పున కలిపితిమి. తడిగోడపై చాయ చిక్కగా కనబడి యారిన పిదప మిక్కిలి తేలిపోవును. కావున ముందుగా గోడమూలను మూరెడు మేర పూసి మఱునాటివఱకు వేచియుండవలెను. గది కంతటికి చాలునంత ఒక్కసారియే కలుపుకొనుట మేలు. రెండవమాఱు కలిపినది మొదటిదానితో సరిపోలదు. గోడను తడిపి పలుచగా మూడు పూతలు వేయించితిమి. గంజి కొంచెము చేర్చినచో సున్నము బట్టల కంటదు. మూడవ పూత యారిననాడు అత్తగారు, “ఇప్పుడు తెల్లవారినట్లున్నదే” అనిరి.

సున్నము కంట బడిన చూపునకే మోసము. పిల్లలను ఆ చాయలకు రానీయరాదు. పొరపాటున పడినచో తడయక ధారగా నీటితో చాలసేపు కడిగి వైద్యునియొద్దకు కొనిపోవలెను.

డబ్బా రంగులు పూసిన గోడలపై సున్నము నిలువదు. అట్టి యింటివారు అంగడిలోని చిన్న చీటిని చూచి రంగు నిర్ణయింపరాదు. చిన్న డబ్బా కొని రెండు గోడలపై రెండేసి అడుగుల మేర పూసి, ఉదయమున, మధ్యాహ్నమున, దీపము వెలిగించిన పిదప చూడవలెను. ప్రక్కను తెల్లకాగిత ముంచినచో దాగిన చాయ బయటపడును. పడమటియెండ పడు గదికిని, ఎఱ్ఱగచ్చు గల గదికిని వెచ్చదనము తగ్గింపవలెను; ఆ యెఱుపు గోడలపై తానే ప్రతిఫలించును.

దీపము సంగతియు మఱువరాదు. 6500 కెల్విన్ అని వ్రాసియున్న ఎల్.ఇ.డి. దీపము క్రింద వెన్నవంటి గోడయు పాలిపోవును. 2700 మొదలు 3000 వఱకు గలది తగును. మా యుత్తరపు గదిలో గోడ మార్చిన పిదప దీపమును గూడ మార్చితిమి.