చిరుతపులి రక్షణ మేకలదొడ్డి దగ్గరే మొదలు



గుడియాత్తం, పేర్ణాంబట్టు, పలమనేరు, కుప్పం ప్రాంతాల వారికి చిరుతపులి కొత్త జంతువు కాదు. అటు చిత్తూరు జిల్లాలోని కౌండిన్య అభయారణ్యం, ఇటు వేలూరు జిల్లా అడవులు ఒకదానినొకటి ఆనుకొని ఉన్నాయి. కౌండిన్య నది ఆ కొండల్లోంచి దిగి, మోర్దానా ఆనకట్ట దాటి గుడియాత్తం వస్తుంది. నదికి లేని ఎల్లలు చిరుతకూ లేవు. 2024 డిసెంబరులో గుడియాత్తానికి దగ్గరలో, కె.వి.కుప్పం వైపు ఒక యువతి చిరుత వాతబడి ప్రాణాలు కోల్పోయింది. అటువంటి చోట ‘చిరుతను కాపాడండి’ అంటే కోపం రావడం సహజం. కాని మనిషిని కాపాడే మార్గం, చిరుతను కాపాడే మార్గం చాలావరకు ఒకటేనని అనుభవం చెబుతోంది.

2022 అంచనాల ప్రకారం మన దేశంలో చిరుతలు 13,874. తమిళనాడులో 1,070, ఆంధ్రప్రదేశ్‌లో 569. అడవి తరగడం, అడవిపందుల కోసం పన్నిన ఉచ్చులు, కళేబరాలకు పూసే విషం, రోడ్డు ప్రమాదాలు వీటిని హరిస్తున్నాయి.

ఊరి పక్కన చిరుత కనబడితే మనం మొదట అడిగేది, ‘బోను పెట్టి పట్టుకుపోండి’ అని. మహారాష్ట్రలోని జున్నర్ ప్రాంతంలో ఆ పనే చేశారు. చెరుకుతోటల్లో దొరికిన చిరుతలను తీసుకుపోయి దూరపు అడవుల్లో వదిలారు. విద్యా ఆత్రేయ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు దాని ఫలితాన్ని లెక్కగట్టారు. 1993 నుంచి 2000 వరకు మనుషుల మీద దాడులు ఏడాదికి సగటున 4. చిరుతలను తరలించిన తరువాత, 2001 నుంచి 2003 వరకు, అవి ఏడాదికి 17కు పెరిగాయి.

కారణమేమిటి? చిరుతకు తన తావు తెలుసు. నీళ్ళెక్కడ, దారెక్కడ, మనుషులు తిరిగే వేళ ఏది, అన్నీ తెలుసు. తెలియని చోట వదిలితే అది బెదిరి, పాత తావు వెదుక్కుంటూ ఊళ్ళ మీదుగా నడుస్తుంది. అది ఖాళీ చేసిన చోటికి మరో చిరుత వస్తుంది. అంటే తగువు తీరలేదు, రెండు చోట్లకు పాకింది.

అందుకే సంరక్షణ సంఘాలు తమ పద్ధతి మార్చుకున్నాయి. ముంబయిలో 2011లో అటవీశాఖ, పరిశోధకులు, నగరవాసులు కలిసి సంజయ్ గాంధీ జాతీయవనం చుట్టుపక్కల ఒక కార్యక్రమం ప్రారంభించారు. చిరుతలను ఫోటోలు తీసి గుర్తించారు. చెత్తకుప్పల వల్ల కుక్కలు పెరుగుతాయని, కుక్కల కోసం చిరుత వస్తుందని వాడవాడలా చెప్పారు. జున్నర్ దగ్గర మాణిక్‌డోహ్‌లో ‘వైల్డ్‌లైఫ్ ఎస్.ఓ.ఎస్.’ సంస్థ అటవీశాఖతో కలిసి పనిచేస్తోంది. బావుల్లో పడిన చిరుతలను పైకి తీస్తుంది. చెరుకు కొట్టేటప్పుడు దొరికిన కూనలను చీకటి పడే వేళ అదే పొలంలో పెట్టెలో ఉంచుతారు. తల్లి వచ్చి తీసుకుపోతుంది. కూనలు దక్కని తల్లి ఆ చుట్టుపక్కలే కోపంతో తిరుగుతుంది కదా!

మరి మనం చేయగలిగిందేమిటి? మేకలను రాత్రిపూట ఆరుబయట కట్టివేయకండి. దొడ్డికి నాలుగు వైపులా గట్టి తడకతో పాటు పైన కప్పు కూడా ఉండాలి. చిరుత గోడ దూకగలదు. మాంసం వ్యర్థాలు ఊరి చివర పారవేయకండి. చీకటి పడ్డాక పిల్లలను ఒంటరిగా పంపకండి. పొలానికి వెళ్ళేవారు చేతిలో టార్చిలైటు ఉంచుకొని, మాట్లాడుకుంటూ నడవండి. చిరుత కనబడితే గుంపుగా చుట్టుముట్టకండి. పారిపోయే దారి లేని చిరుతే ఎక్కువ ప్రమాదం.

మేక చనిపోతే కళేబరాన్ని కదిలించకుండా వెంటనే అటవీశాఖకు తెలపండి. నష్టపరిహారానికి ఆ తనిఖీయే ఆధారం. విషం మాత్రం పూయకండి. చిరుతను చంపితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మూడేళ్ళకు తగ్గని జైలుశిక్ష ఉంది. ఇక పరిహారం ఆలస్యమైతే, ఆ పేదవాడి కోపం తీరేది చిరుత మీదే. కాబట్టి అర్జీ రాసిపెట్టే చదువుకున్న యువకుడు కూడా చిరుతను కాపాడినవాడే.

అడవిని కాపాడటం ప్రభుత్వం పని కావచ్చు. దొడ్డి తలుపు మూయడం మాత్రం మన పని.