బంగారక్క తిట్లు, సోమయాజులు పాట్లు

పామర్రు సెంటర్లో చల్లపల్లి వైపు బస్సెక్కితే ఇట్టే కూచిపూడి వచ్చేస్తుంది. ఆ పేరు వినగానే అందరికీ సత్యభామ జడే గుర్తొస్తుంది గానీ, నవ్విస్తూనే చురక వేయడంలో అక్కడి భాగవతులు అంతకంటే గట్టివాళ్లు.

మాచుపల్లి కైఫీయతులో ఓ ముచ్చట ఉంది. సిద్ధవటం సీమ ఏలిన సమ్మెట గురవరాజు పన్నుల కోసం జనాన్ని, చివరికి ఆడవాళ్లను కూడా హింసలు పెట్టేవాడట. కూచిపూడి భాగవతులు అది చూసి విజయనగరం వెళ్లారు. వీరనరసింహరాయల ఎదుట ఒకరు గురవరాజుగా, ఒకరు ఆడమనిషిగా వేషం కట్టి ఆ హింసనే ఆడి చూపించారు. రాయలు సంగతి ఆరా తీసి సైన్యాన్ని పంపాడు, గురవరాజు పని అయిపోయింది. అర్జీ రాసిచ్చి ఉంటే ఏ గుమాస్తా బల్ల కింద ఉండేదో!

సోమయాజులు, సోమిదేవమ్మ పగటివేషంలో ఎగతాళి అయ్యేది బ్రాహ్మణ ఆచారం. వేషం కట్టే కూచిపూడి భాగవతులూ బ్రాహ్మణులే. 19వ శతాబ్దంలో భాగవతుల రామయ్య రాసిన గొల్లకలాపం ఇంకో మెట్టు పైన ఉంటుంది. చల్ల అమ్ముకునే గొల్లభామను బ్రాహ్మడు చులకన చేస్తాడు. ఆమె కుండ దించి వాదనకు దిగుతుంది: తల్లి కడుపులో పిండం ఎలా పెరుగుతుందో చెప్పి, అందరి పుట్టుకా ఒకటే అయినప్పుడు నీ గొప్పేమిటని నిలదీస్తుంది. యజ్ఞాన్నీ వదలదు. రాసింది బ్రాహ్మడు, గెలిచింది గొల్లభామ.

ఇక తెర మీద కదిలే బొమ్మల సంగతి. రామాయణం రసపట్టులో ఉండగా జుట్టుపోలిగాడు, వాడి పెళ్లాం బంగారక్క, మధ్యలో దూరే కేతిగాడు తోలుబొమ్మలాటలో ఊడిపడతారు. తిట్లు, తన్నులు, ఆ ఊరి కబుర్లు, కొంచెం బూతు. దెబ్బ పడినప్పుడల్లా ఆటగాడు కాలి కింది చెక్కను టక్కున తొక్కుతాడు. 1928లో మిక్కీ మౌస్ బొమ్మకు శబ్దం జతకూడితే లోకం నోరెళ్లబెట్టింది. మనవాళ్లకు చెక్కముక్క సరిపోయింది. ఇంకో విశేషం, ఇంత చక్కని తెలుగులో తిట్టించే ఆ కుటుంబాల్లో చాలామంది ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీ యాస.

నవ్వు ఎప్పుడూ పైవాడి మీదకే పోలేదు. డిస్నీ వారి 1933 నాటి 'త్రీ లిటిల్ పిగ్స్'లో తోడేలు యూదు చిరువ్యాపారి వేషంలో వస్తుంది. తర్వాత ఆ ఘట్టాన్ని మార్చి గీశారు. నల్లవాళ్లను వెక్కిరించిన 11 వార్నర్ కార్టూన్లను 1968లో టీవీ ప్రసారాల నుంచి తప్పించారు. మన పగటివేషాల్లోనూ సంచార జాతుల యాసను, కట్టును వెక్కిరించినవి లేకపోలేదు. బంగారక్క మీద వేసిన జోకుల్లో సగం ఇప్పుడు చెప్పుకోలేం.

అన్నిటికంటే నాకు నచ్చేది పిట్టలదొర. దొరల ఫక్కీలో ఖాకీ కోటు, టోపీ, భుజాన కొయ్య తుపాకీ. తనకు లేని జమీ లేదు, తను కొట్టని పులి లేదు అని గుక్కతిప్పుకోకుండా కోతలు కోస్తాడు. అన్నీ అయ్యాక జోలె చాపి గుప్పెడు బియ్యం అడుగుతాడు.