వృద్ధుల్లో బాక్టీరియా రక్తసంక్రమణం: ప్రాణం నిలిచిన తరువాతి లెక్క

బాక్టీరియా రక్తప్రవాహంలోకి చేరి కలిగించే సంక్రమణాన్ని బ్లడ్ కల్చర్ పరీక్ష ద్వారా నిర్ధారిస్తారు. దాని పర్యవసానాన్ని వైద్య పరిశోధనలు సాధారణంగా ఒకే ప్రశ్నతో కొలుస్తాయి: 30వ రోజుకో 90వ రోజుకో రోగి జీవించి ఉన్నారా? ఈ ప్రశ్న అవసరమైనదే. కాని డెబ్బై ఏళ్లు దాటినవారి విషయంలో ఇది సగం సమాధానమే ఇస్తుంది. ఆస్పత్రి నుంచి తిరిగివచ్చిన మనిషి మునుపటిలా తన పనులు తాను చేసుకోగలుగుతున్నారా అన్నది మిగిలిన సగం.

వృద్ధుల్లో ఈ సంక్రమణానికి తరచుగా మూలం మూత్రవ్యవస్థ. కారకం ఎక్కువగా ఇ. కోలై. తీవ్ర సంక్రమణం సోకిన వృద్ధుల్లో సుమారు 20 నుంచి 30 శాతం మందికి జ్వరం రాకపోవచ్చు. మగత, పొంతన లేని మాటలు, అన్నం సయించకపోవడం, మంచం దిగబోయి పడిపోవడం వంటివే తొలి లక్షణాలవుతాయి. వయసు మీద పడిందని ఇంట్లోవారు సరిపెట్టుకుంటే చికిత్స ఆలస్యమవుతుంది. అందువల్ల వృద్ధుల్లో మరణాలు ఎక్కువగా ఉండటాన్ని వయసు ఖాతాలోనే వేయడం సరికాదు. సంక్రమణ మూలం, సరైన మందు అందిన సమయం, అంతకుముందున్న శారీరక సామర్థ్యం కూడా ఫలితాన్ని నిర్ణయిస్తాయి.

కోలుకున్నవారి గతి ఏమిటి? కల్చర్‌లో రుజువైన రక్తసంక్రమణానికే పరిమితం కాకపోయినా, తీవ్ర సెప్సిస్‌పై ఐవాషినా బృందం 2010లో ప్రకటించిన అమెరికా అధ్యయనం ఇక్కడ పరిశీలించదగినది. రోగుల సగటు వయసు సుమారు 77 ఏళ్లు. ప్రాణాలతో బయటపడినవారిలో ఒక మోస్తరు నుంచి తీవ్రస్థాయి వరకు జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి లోపించినవారు వ్యాధికి ముందు 6.1 శాతం కాగా, తరువాత 16.7 శాతం. ఈ పోలిక సాధ్యపడటానికి కారణం, వారంతా అప్పటికే ఒక దీర్ఘకాలిక సర్వేలో భాగస్వాములు కావడం. వ్యాధికి ముందరి స్థితి నమోదై ఉంది. మన ఆస్పత్రుల కేసుషీట్ల ఆధారంగా సిద్ధాంతవ్యాసం రాయదలచిన పరిశోధకునికి తరచు దొరకనిది సరిగ్గా ఇదే.

శారీరక క్షీణతకు సంక్రమణంతోపాటు మంచం కూడా కారణమే. 2007లో ఆరోగ్యవంతులైన వృద్ధులను 10 రోజులు మంచంపైనే ఉంచి పరిశీలించగా, కాళ్లలోని కండర ద్రవ్యరాశి సుమారు ఒక కిలో తగ్గింది. వ్యాధి లేనివారికే ఇంత నష్టమైతే, జబ్బుపడినవారి మాట చెప్పనక్కరలేదు.

చికిత్స ఎన్నాళ్లన్న చర్చను ఈ నేపథ్యంలో చూడాలి. 7 దేశాల్లోని 74 ఆస్పత్రులలో 3,608 మందిపై జరిగి 2024లో వెలువడిన బ్యాలెన్స్ పరిశోధనలో 90 రోజుల మరణాలు 7 రోజుల చికిత్సలో 14.5 శాతం, 14 రోజుల చికిత్సలో 16.1 శాతం. అంటే తక్కువ కాలపు చికిత్స తీసిపోలేదు. స్టెఫిలోకాకస్ ఆరియస్ రోగులను ఇందులో చేర్చుకోలేదు కనుక, దీర్ఘచికిత్స అవసరమైన ఆ సంక్రమణానికి ఈ నిర్ణయం వర్తించదు. అంతకుముందు 2019లో ఇజ్రాయెల్, ఇటలీలలో గ్రామ్ నెగటివ్ బాక్టీరియా సోకిన 604 మందిపై జరిగిన పరిశోధన మరణాలతో ఆగలేదు. రోగి తన రోజువారీ స్థితికి ఎప్పుడు చేరుకున్నారని కూడా అడిగింది. 7 రోజుల వర్గంవారికి సుమారు 2 వారాలు, 14 రోజుల వర్గంవారికి 3 వారాలు పట్టింది. మరణాల లెక్కలో కనిపించని తేడా ఈ ప్రశ్నతో బయటపడింది.

కొలిచే సాధనం కొత్తదేమీ కాదు. స్నానం, దుస్తులు ధరించడం, మరుగుదొడ్డి వాడకం, మంచం నుంచి లేవడం, మలమూత్ర నియంత్రణ, భోజనం అనే ఆరు పనుల ఆధారంగా సిడ్నీ కాట్జ్ బృందం 1963లోనే సూచికను ప్రకటించింది. చిక్కంతా విశ్లేషణలో ఉంది. మరణించినవారికి సామర్థ్యపు కొలత ఉండదు. బతికినవారినే లెక్కిస్తే, బలహీనులు ఎక్కువగా మరణించిన ఆస్పత్రిలో మిగిలినవారి సగటు సామర్థ్యం మెరుగ్గా కనిపిస్తుంది. కాబట్టి మరణాన్నీ, పరాధీనతనూ ఒకే పట్టికలో పక్కపక్కనే చూపాలి. చేరిన రోజునే, రెండు వారాల క్రితం రోగి ఏయే పనులు స్వయంగా చేసుకునేవారో ఇంట్లోవారిని అడిగి రాసుకోవాలి.