రిజర్వు ధర ఎవరి పక్షం? బ్యాంకు ఆన్‌లైన్ వేలంలో ఇల్లు ఎంతకు పోతుందో తేల్చే రెండు అంకెలు

దినపత్రికల లోపలి పేజీల్లో, చీమల్లాంటి అక్షరాలతో, పెట్టె కట్టి వేసే ప్రకటనలు ఉంటాయి. 'స్థిరాస్తుల ఇ-వేలం' అని మొదలై, అప్పు తీసుకున్నవారి పేరు, జామీనుదారు పేరు, ఇంటి నంబరు, నాలుగు హద్దులు వరసగా వస్తాయి. చివర్లో రిజర్వు ధర, దాని పక్కన ధరావతు. ఆ ఇల్లు మన వాడలోది అయితే, ఆ కుటుంబం చేతికి ఏమైనా మిగులుతుందా, లేక ఇల్లు పోయాక కూడా అప్పు మెడకు వేలాడుతుందా అన్నది ఆ రిజర్వు ధరలోనే చాలావరకు ఉంది. భూమి గురించి, పట్టాల గురించి మనం గంటలకొద్దీ మాట్లాడుకుంటాం. ఈ అంకె ఎక్కడ పుడుతుందో, దాని మీద పాట ఎలా పెరుగుతుందో కూడా అలాగే మాట్లాడుకోవాలి.

ఊళ్లో వేలం పాట అందరికీ తెలిసిందే. చెరువులో చేపలకో, సంత వసూళ్లకో పాట పెడతారు. 'ఒకటోసారి, రెండోసారి, మూడోసారి' అనేలోపు ఎవరి పాట పైన ఉంటే సరుకు వాళ్లది. ఆన్‌లైన్‌లోనూ అంతే. కాకపోతే అక్కడ ఎదుటి మనిషి ముఖం కనపడదు, పాట పాడేది కూడా ఒక్కోసారి మనిషి కాదు. 'నేను గరిష్ఠంగా ఇంతవరకు ఇస్తాను' అని ముందే నమోదు చేసిపెడితే, ఆ హద్దు దాకా సాఫ్ట్‌వేరే అతని తరఫున పాడుతుంది. దీన్నే ప్రాక్సీ బిడ్డింగ్ అంటారు. కొన్ని వేలం పోర్టళ్లలో ఆటో బిడ్ అనే పేరుతో కనిపిస్తుంది. 1995లో అమెరికాలో మొదలైన ఈబే దీన్ని మామూలు జనానికి అలవాటు చేసింది.

ఇక్కడ చాలామంది పొరపడే సంగతి ఒకటుంది. గరిష్ఠంగా ఇరవయ్యారు లక్షలు అని చెప్పినవాడు ఇరవయ్యారు లక్షలు కట్టడు. ఒక లెక్క వేసి చూద్దాం. ఇంటి రిజర్వు ధర 18 లక్షలు. ఒక్కో పాటకు కనీసం పెంచాల్సింది 25 వేలు. మొదటి పాటదారు హద్దు 26 లక్షలు, రెండో పాటదారు హద్దు 22 లక్షలు. సాఫ్ట్‌వేర్ ఇద్దరి తరఫునా పాడుకుంటూ పోతుంది. 22 లక్షల దగ్గర రెండోవాడు ఆగిపోతాడు. మొదటివాడికి ఇల్లు 22 లక్షల 25 వేలకు వస్తుంది. అంటే ధరను తేల్చింది గెలిచినవాడు కాదు, ఓడిపోయినవాడు. విలియం విక్రీ అనే ఆర్థికవేత్త 1961లోనే ఈ తరహా వేలాన్ని విశ్లేషించాడు, 1996లో నోబెల్ అందుకున్నవారిలో ఆయన ఒకరు. రెండో పాటదారు ఉన్నంతవరకు ఆయన సిద్ధాంతం బాగానే ఉంటుంది.

రెండోవాడు రాకపోతే? సాఫ్ట్‌వేర్‌కు ఎవరి మీద పాడాలి? ఇల్లు 18 లక్షలకో, నోటీసు షరతును బట్టి మరో 25 వేలు కలిపో పోతుంది. కొన్నవాడు 26 లక్షలు ఇవ్వడానికి సిద్ధంగానే ఉన్నాడు, కానీ అడిగేవాడు లేడు. ఆ కుటుంబం అప్పు 16 లక్షలు అనుకుందాం. ఇద్దరు పాడితే ఖర్చులు పోను ఆరు లక్షల దాకా మిగలాలి. ఒక్కడే పాడితే రెండు లక్షలు. మిగిలింది బ్యాంకుది కాదు. ఖర్చులు, బకాయి తీసుకున్నాక మిగతా డబ్బు హక్కుదారుకు ఇవ్వాలని 2002 నాటి సర్ఫేసీ చట్టం 13(7) సెక్షన్ చెబుతోంది. పైగా వచ్చిన సొమ్ము అప్పుకు చాలకపోతే తక్కువైన దానికోసం రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లే హక్కు బ్యాంకుకు ఉంది. కాబట్టి తక్కువ ధర దెబ్బ రెండు వైపుల నుంచీ కుటుంబానికే.

పాటదారులు తక్కువగా వచ్చే వేలంలో ఇంటిని కాపాడేది రిజర్వు ధర ఒక్కటే. ఈబే లాంటి చోట్ల దాన్ని అమ్మేవాళ్లు పెట్టుకుంటారు, అది పాటదారులకు కనపడదు. బ్యాంకు వేలంలో అది బహిరంగం. అమ్ముడుపోయేది మన ఇల్లే అయినా, ధర పెట్టేది మనం కాదు. 2002 నియమాల్లో 8(5) ప్రకారం బ్యాంకు అధీకృత అధికారి, ఆమోదం పొందిన వాల్యూయర్ చేత విలువ కట్టించి రిజర్వు ధర నిర్ణయించాలి. రిజర్వు ధరకంటే తక్కువకు అమ్మాలంటే, 9వ నియమం ప్రకారం, బ్యాంకుతో పాటు అప్పు తీసుకున్నవారి సమ్మతి కూడా కావాలి. ఒత్తిడిలో ఇలాంటి కాగితం మీద సంతకం పెట్టేముందు అది ఏమిటో తెలిసి ఉండాలి.

వాల్యూయర్ నివేదికలో సాధారణంగా మూడు విలువలు ఉంటాయి. మార్కెట్ విలువ, వసూలు కాగల విలువ, హడావుడిగా అమ్మితే వచ్చే విలువ. మొదటిదానికీ మూడోదానికీ మధ్య దూరం ఎక్కువే. రిజర్వు ధర ఏ అంకె దగ్గర నిలబడిందో చూడాలంటే నివేదిక చూడాలి, అందుకే దాని నకలు కావాలని రాతపూర్వకంగా అడగాలి.

కులం ఈ లెక్కలోకి వచ్చేది ఇక్కడే. వాల్యూయర్ చుట్టుపక్కల జరిగిన రిజిస్ట్రేషన్లు చూసి విలువ కడతాడు. ఊరికి ఒక వైపున నెట్టేసిన వాడలో ఇల్లు కొనడానికి బయటివాళ్లు రారు. అమ్మకాలు తక్కువ, ఉన్న కాస్తలో చేతులు మారిన ధరలూ తక్కువ. అదే గోడ, అదే స్లాబు, అదే సిమెంటు ఊరి నడిమధ్యలో ఉంటే ఒక విలువ, వాడలో ఉంటే ఇంకో విలువ. వాల్యూయర్‌కు కులద్వేషం ఉండనక్కర్లేదు. అంటరానితనం మార్కెట్లో వదిలిన ముద్రను ఆయన నివేదికలోకి ఎత్తి రాస్తే చాలు. పైగా పాడాలంటే రిజర్వు ధరలో సాధారణంగా పది శాతం ధరావతు ముందే కట్టాలి. గెలిస్తే ధరావతుతో కలిపి నాలుగో వంతు అదే రోజు లేదా మర్నాటి పనిదినానికల్లా, మిగతాది 15 రోజుల్లో కట్టాలి. రాతపూర్వక ఒప్పందం ఉంటే తప్ప గడువు పెరగదు. ఆ ఇంటి విలువ నిజంగా తెలిసిన పక్కింటివాళ్ల దగ్గర అంత నగదు ఉండదు. అలా రెండో పాటదారు లేకుండా పోతాడు.

రిజర్వు ధర ఎంత పెంచితే అంత మంచిదని కూడా అనుకోవద్దు. అందని ధర పెడితే ఎవరూ పాడరు, వేలం వీగిపోతుంది, వడ్డీ మాత్రం ఆగదు. బ్యాంకు ధర తగ్గించి మళ్లీ ప్రకటన ఇస్తుంది. మొదటి వేలానికి 30 రోజుల నోటీసు తప్పనిసరి అయితే, మలి వేలానికి 15 రోజులు చాలు. ఈ తగ్గింపు కోసమే కాచుకుని కూర్చునే కొనుగోలుదారులు ఉంటారు. నలుగురు బయటే కుమ్మక్కై, 'ఈ ఇల్లు నువ్వు పాడు, ఆ స్థలం నేను పాడతా' అని పంచుకుంటే ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోలేదు. చివరి నిమిషాల్లో పాట వస్తే సమయం దానంతటదే మరో ఐదు పది నిమిషాలు పొడిగించే ఏర్పాటు చాలా బ్యాంకు వేలాల్లో ఉంటుంది. ఆఖరి సెకనులో కొట్టేసే ఎత్తు దానికి లొంగదు, కుమ్మక్కుకు మాత్రం అది మందు కాదు.

ప్రాక్సీ అనే మాటకు మన ఉద్యమాల్లో ఇంకో అర్థమూ ఉంది. పంజాబ్‌లో సాగుకు పనికొచ్చే పంచాయతీ భూమిలో మూడో వంతును ఎస్సీలకే కౌలు వేలం వేయాలన్నది నియమం. అక్కడ భూస్వాములు తమ దగ్గర పనిచేసే దళితుడి పేరు మీద పాట పాడించి భూమిని తామే దున్నుకున్నారు. పాడేది ఒకరు, డబ్బు ఇంకొకరిది. 2014లో సంగ్రూర్ జిల్లా బలద్ కలాన్‌లో దళితులు దాన్ని ఎదిరించి, లాఠీదెబ్బలు తిని, ఉమ్మడిగా సాగు చేసుకున్నారు. జమీన్ ప్రాప్తి సంఘర్ష్ కమిటీ ఆ పోరాటాన్ని మిగతా ఊళ్లకు తీసుకెళ్లింది. అక్కడ దళితులు పాడేవైపు ఉన్నారు కనుక రిజర్వు ధర తక్కువ ఉండాలని అడిగారు. బ్యాంకు వేలంలో మనం పోగొట్టుకునే వైపు ఉన్నాం కనుక అది న్యాయంగా ఉండాలని అడుగుతున్నాం.

కుటుంబాలతో పనిచేసేవాళ్లు తేదీలు పట్టుకోవాలి. మూడు నెలలు కిస్తీ ఆగితే ఖాతా మొండి బకాయి అవుతుంది. తర్వాత 13(2) కింద 60 రోజుల నోటీసు. దానికి అభ్యంతరం రాస్తే 15 రోజుల్లో బ్యాంకు జవాబివ్వాలి. అసలు కీలకమైన గీత వేరే ఉంది. ఒకప్పుడు అమ్మకం పూర్తయ్యేదాకా బకాయి కట్టి ఇల్లు విడిపించుకునే వీలుండేది. 2016 సవరణ తర్వాత వేలం ప్రకటన అచ్చయ్యేలోపే కట్టాలి. 2023 సెప్టెంబరులో బఫ్నా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు ఇదే ఖాయం చేసింది. అంటే పేపర్లో ఆ పెట్టె చూసి పరుగెత్తితే ఆలస్యమైపోయినట్టే. చర్చలు, సెటిల్‌మెంట్, బంధువుల దగ్గర చేబదులు, ఏదైనా అంతకు ముందే.

కొన్ని ఆస్తులు అసలు ఈ చట్టం కిందికే రావు. సాగుభూమి 31వ సెక్షన్ ప్రకారం మినహాయింపు. అయితే అది నిజంగా సాగులో ఉందని చూపాల్సిన భారం అప్పు తీసుకున్నవారిదేనని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది, పాసుపుస్తకం ఒక్కటే సరిపోదు. లక్ష రూపాయలు మించని బకాయికి, అసలూ వడ్డీ కలిపిన దాంట్లో 20 శాతం కంటే తక్కువ మిగిలిన బకాయికి కూడా ఇది వర్తించదు.

బ్యాంకు చర్య మీద అభ్యంతరం ఉంటే 45 రోజుల్లో 17వ సెక్షన్ కింద రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. మనకు అవి హైదరాబాద్‌లో, విశాఖపట్నంలో ఉన్నాయి. విలువ తక్కువ కట్టారని వాదించాలంటే అదే వీధిలో ఇటీవలి రిజిస్ట్రేషన్ల నకళ్లు, వేరే వాల్యూయర్ నివేదిక, నోటీసులు అందిన కవర్ల మీది తేదీలు దగ్గర పెట్టుకోవాలి. వకీలు ఫీజుకు భయపడి ఆగనక్కర్లేదు. 1987 న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం అందాలి. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థ కార్యాలయంలో కుల ధ్రువీకరణ పత్రంతో దరఖాస్తు ఇవ్వవచ్చు.